ఎఱుక గల వస్త్రములు

వస్త్రములు పుట్టు తావులు నాలుగని అమరసింహుడు తన కోశమున లెక్క చెప్పినాడు: చెట్టు నార, కాయలోని దూది, పట్టుపురుగు, జంతువుల రోమము. నా చిన్ననాట మా తండ్రిగారు అమరము వల్లె వేయించునపుడు ఈ నాలుగింటికిని నాలుగు వ్రేళ్లు మడిపించెడివారు. బొటనవ్రేలు పనిలేక నిలిచియుండెడిది. ఇప్పుడు దానికిని పని కలిగినది. లోహపు పోగులు, గాజు పోగులు నూలుతోను పట్టుతోను కలసి మగ్గమెక్కుచున్నవి. అట్లు నేసిన బట్ట ఒడలిని కప్పుటతో తృప్తి నొందక, ఒడలి వేడిమిని, ఊపిరిని, గుండె కొట్టుకొనుటను కనిపెట్టి వేఱొకరికి తెలుపుచున్నది. ఇంగ్లీషువారు వీనిని స్మార్ట్ టెక్స్‌టైల్సు అందురు. తెలివిగల వస్త్రములని కొందఱు తెనిగించుచున్నారు గాని నాకు మనసొప్పదు. తాకినది తెలియుట ఎఱుక. తెలిసిన దానితో నేమి చేయవలెనో నిర్ణయించుట తెలివి. ఈ బట్టలకు మొదటిది కలదు, రెండవది లేదు. ఈ భేదమును మఱచినచో చిక్కులు వచ్చును.

గడచిన మాసమున నొక సోదరి వ్రాసిన లేఖ ఈ ప్రసంగమునకు కారణము. ఆమె కుమార్తె అమెరికాలో కాపురముండి ఇపుడు నిండు నెలలతో నున్నది. పురుటికై తల్లి ప్రయాణమగుచున్నది. అచటి స్నేహితురాండ్రు పుట్టబోవు బిడ్డకు బహుమానముగా నొక మేజోడు నిచ్చిరట. దానిని శిశువు పాదమునకు తొడిగినచో గుండె వేగమును, నెత్తుటిలోని ప్రాణవాయువును లెక్కించి, తేడా వచ్చినపుడు సెల్‌ఫోనులో గంట మ్రోగించునట. "మేము బిడ్డలను పెంచినపుడు ఇట్టివి లేవు. అమ్మాయి దీనిని నమ్ముకొని నిద్రపోవచ్చునా? నేను వలదన్నచో పాతకాలపు మనిషి నగుదునా?" అని ఆమె ప్రశ్న. దీనికి బదులు చెప్పుటకు ముందు బట్ట యెట్లు కనిపెట్టునో కొంచెము తెలిసికొనవలెను.

మన పెట్టెలలోని పట్టుచీరలే ఇందుకు మొదటి పాఠము. మేలైన జరీ యనగా నేమి? సన్నని వెండి తీగను ఱేకుగా నణచి పట్టుదారము చుట్టును చుట్టి, దానిపై బంగారు పూత పెట్టుదురు. (నేడు బజారున అమ్ము జరీలో చాలభాగము ప్లాస్టిక్కు పొరపై మెఱుగు పూసినదే, ఆ మాట మఱియొకప్పుడు.) లోపల పట్టు గనుక తెగక సూదికిని మగ్గమునకును లొంగును, పైన లోహము గనుక విద్యుత్తు దానివెంట పారును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రెహ్మీ పోస్టు, మ్యాగీ ఆర్తు అను ఇరువురు గుడ్డలో విద్యుత్తీగలను దాచు ఉపాయమును వెదకుచు, సరిగా ఇట్టి బట్టనే చేపట్టిరి. దాని పడుగు వట్టి పట్టు; పేక రాగిఱేకు చుట్టిన పట్టు. మన జరీయంచున పోగులు ఒకదాని నొకటి ఆనుకొనియుండును గనుక అందు విద్యుత్తు ఎటు దారి దొరికిన అటు పోవును. వారి బట్టలో పోగునకు పోగునకు నడుమ ఎడమున్నది గనుక ఒక్కొక్క పోగు ఒక్కొక్క తీగగా పనిచేసినది. ఇట్టి నేతను భారతదేశమున కనీసము నూఱేండ్లుగా అలంకారమునకై నేయుచున్నారని 1997 నాటి తమ వ్యాసమున వారే వ్రాసియున్నారు. పిమ్మట వారు ఉక్కుపోగుతో కుట్టుపని చేసి, వ్రేలితో తాకినచో సంగీతము పలుకు కోటును సయితము కుట్టిరి. నూఱేండ్లు అట్టి పట్టును నేసిన చేతులెవరివో మాత్రము మనకు తెలియదు. ఇది యంతయు యంత్రవిద్య, మనకేల యని పేజీ త్రిప్పివేయు సోదరీమణులకు చెప్పవలెనని ఇంత విస్తరించితిని: పడుగు, పేక, అల్లిక, కుట్టు ఎఱిగినవారికి ఇందు సగము ముందే తెలిసియున్నది.

కనిపెట్టు విధమును చూతము. అల్లిన బట్ట అంతయు ఉచ్చులు గదా. లాగినచో ఉచ్చులు సాగి, అవి ఒకదాని నొకటి ఒరసికొను చోట్లు మాఱును. వెండి పూసిన పోగుతో అల్లిన పట్టీని ఱొమ్ము చుట్టును అమర్చి, దానిగుండ కొలదిపాటి విద్యుత్తును పంపినచో, ఊపిరి పీల్చినపుడు విద్యుత్తునకు కలుగు అడ్డు మాఱును. విడిచినపుడు మొదటికి వచ్చును. ఆ మార్పులను లెక్కించినచో నిమిషమునకు ఎన్ని ఊపిరులో తెలియును. గుండె సంగతి వేఱు. అది కొట్టుకొనునపుడెల్ల దేహమున సన్నని విద్యుత్తు పుట్టి చర్మము దాక వచ్చును. వైద్యశాలలో ఱొమ్మున బిళ్లలంటించి కాగితముపై గీతలు తీయునది దీనినే. ఆ బిళ్లలకు మాఱుగా చొక్కా లోపలివైపున వెండిపోగుల ముక్కలు చర్మమునకు చక్కగా తగులునట్లు నేసినచో చాలును. కొంచెము చెమట పట్టినచో ఇంకను బాగుగా పనిచేయునట. చెమట పట్టుటచే బాగుపడు వస్త్రమును గూర్చి నేను వినుట ఇదియే మొదలు.

రెండు పొరల లోహపు బట్టల నడుమ మెత్తని దళసరి గుడ్డ నుంచి కుట్టినచో ఎచట ఎంత ఒత్తిడి పడినదో తెలియును. మంచము పట్టినవారికి ఒకే ప్రక్క ఒత్తుకొని పుండ్లు పడకుండుటకై, ఒత్తిడిని పటము వలె చూపు పఱపు గుడ్డలు ఈ సూత్రముపై చేసినవే. గుడ్డ చూపును గాని రోగిని ప్రక్కకు త్రిప్పదు. త్రిప్పవలసినవి మన చేతులే.

ఈ ఉపాయములను ఒక్క చొక్కాలో కూర్చిన వారిలో ముఖ్యుడు మనకు మఱీ దూరపువాడు గాడు. మద్రాసు విశ్వవిద్యాలయమున పట్టములు పొంది అమెరికాకు వెళ్లిన సుందరేశన్ జయరామన్, జార్జియా సాంకేతిక విద్యాలయమున తోడివారితో కలసి 1996లో ఈ పనికి పూనుకొనెను. ధనమిచ్చినది అమెరికా నౌకాదళము. యుద్ధరంగమున సైనికునికి గుండు తగిలినచో ఆ సంగతియు, ప్రాణమున్నదో లేదో యను సంగతియు దూరముననున్న వైద్యునికి వెంటనే తెలియవలెనని వారి కోరిక. చొక్కా అంతటను చుట్టుచుట్టుగా వెలుతురును మోయు పోగును నేసిరి. ఒక కొన దీపము, రెండవ కొన దానిని చూచు కన్ను. గుండు పోగును త్రెంచినచో వెలుగు ఆగిపోవును, ఆగుటయే వార్త. యుద్ధమునకై పుట్టిన ఈ వస్త్రము పసిబిడ్డలకును ముదుసలులకును పనికివచ్చునని దానిని నేసినవారే త్వరలో గ్రహించిరి. 2019లో కెనడా వ్యోమగామి డేవిడ్ సెయింట్ జాక్ అంతరిక్షకేంద్రమున తొడిగికొన్న చొక్కాయు ఈ జాతిలోనిదే. సైనికుని నుండి వ్యోమగామికి పోయిన ఎఱుక ఇపుడు ఉయ్యాలలోని బిడ్డ పాదము దాక వచ్చినది.

ఇంక మన సోదరి ప్రశ్న. నిద్రలో ఏ కారణమును తెలియకుండ శిశువు ప్రాణము పోవుట యను ఘోరము లోకమున కలదు. ఆ భయమే ఈ మేజోళ్ల వర్తకమునకు మూలధనము. ఔలెట్ అను సంస్థ అమ్మిన ఇట్టి మేజోటిని వైద్యసాధనముగా తగిన అనుమతి లేక అమ్ముచున్నారని అమెరికా ఆహారౌషధ శాఖవారు 2021లో హెచ్చరిక వ్రాసిరి. అచట అమ్మకము ఆగినది. 2023లో, ఒక నెల మొదలు పదునెనిమిది నెలల వఱకు వయసుగల ఆరోగ్యవంతులైన శిశువులకని చెప్పి, మార్చిన మేజోటికి అనుమతి నిచ్చిరి. కావున నేడది దొంగసరకు గాదు. అయినను అనుమతి వేఱు, ప్రాణరక్షకమని ఋజువగుట వేఱు. ఇట్టి సాధనములను రెంటిని ముప్పదిమంది శిశువులపై పరీక్షించి 2018లో వైద్యులు ప్రకటించిన దానిని బట్టి, ప్రాణవాయువు నిజముగా తగ్గినపుడు ఒకటి ఎన్నడును కనిపెట్టలేదు. రెండవది ఒకప్పుడు కనిపెట్టి ఒకప్పుడు విడిచినది. ఇంట వాడు ఇట్టి సాధనములను నిద్రలోని శిశుమరణమును తప్పించు ఉపాయముగా నమ్ముకొనవలదని అమెరికా శిశువైద్యుల సంఘము 2022లోను చెప్పినది. నెలలు నిండక పుట్టిన బిడ్డకో, వ్యాధితో నున్న బిడ్డకో వైద్యుడు స్వయముగా ఇచ్చు యంత్రము వేఱు; దానిని వైద్యుడు చెప్పినట్లు వాడవలసినదే.

నిజముగా ప్రాణములు కాపాడిన ఉపాయమునకు నూలుపోగంత ఖర్చు లేదు. బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని 1994లో అమెరికాలో ఇంటింట ప్రచారము మొదలిడిరి. పదేండ్లలో అట్టి మరణములు సుమారు సగమునకు తగ్గినవి. వెల్లకిల పరుండబెట్టుట, గట్టియైన చదునైన పఱపు, ప్రక్కలో దిండ్లు గాని బొమ్మలు గాని వదులు దుప్పట్లు గాని లేకుండుట, తల్లి గదిలోనే వేఱు పక్క, ఇంట పొగత్రాగకుండుట. తల గుండ్రముగా వచ్చునని మనము పెట్టు ఆవాల దిండును కూడ ఈ లెక్కలో తీసివేయవలసినదే. సోదరి దానిని పెట్టెలో సర్దుకొనియుండినచో ఇంటనే ఉంచి వెళ్లుట మేలు. ఇవన్నియు చేసిన పిదప మేజోడు తొడిగిన దోషము లేదు. అది యున్నది గదా యని వీనిలో నొకదానిని విడిచినచో మాత్రము బహుమానము ముప్పుగా మాఱును. దొంగగంట మ్రోగి నడిరేయి ఉలికిపడి లేచుటయు బాలెంతకు మంచిది గాదు. ఇట్లు చెప్పుటలో మీరు పాతకాలపు మనిషి కారు, అమ్మా. అచటి వైద్యులు చెప్పుమాటయే మీ నోట అమ్మాయి వినును.

ఇందుకు భిన్నముగా, నాకు మనస్ఫూర్తిగా నచ్చిన మేజోడొకటి కలదు. మధుమేహము ముదిరినవారి పాదములకు స్పర్శ తగ్గును. మా అత్తగారి చెప్పులో నొకనాడు చిన్న గులకఱాయి పడినది. దినమంతయు దానిపై నడచినను ఆమెకు తెలియలేదు. సాయంకాలము పాదములు కడుగుచుండగా ఎఱ్ఱని గుంట నాకు కనబడినది. ఇట్టివే పుండ్లై, కుళ్లి, కాలు తీయించుకొనవలసిన స్థితికి వచ్చును. అయితే పుండు పడుటకు కొన్ని దినములు ముందుగనే ఆ చోటు లోలోపల వాచి వేడెక్కును. రెండు పాదములలోను ఒకే చోటి వేడిమిని పోల్చి చూచి, తేడా 2.2 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి నిలిచినచో నడక తగ్గించి వైద్యుని చూచుట మంచిదని వైద్యులు కనుగొనిరి. ఇంట ప్రతిదినము పాదముల వేడిని కొలిచికొన్న వారికి పుండ్లు తక్కువగా పడినట్లు 2004లోను 2007లోను అమెరికాలో ప్రకటించిన పరిశోధనలలో కనబడినది. ఆ కొలతను మఱచిపోకుండ చేయుటకై మేజోటి నేతలోనే వేడిని కొలుచు సూక్ష్మసాధనముల నిమిడ్చి కొందఱు చేయుచున్నారు. ఇచట పాదము తన బాధను తాను చెప్పలేదు. మేజోడు దాని నాలుకగా నున్నది. ఆరోగ్యముగా నిద్రించు శిశువునకు కావలికాయుటయు, మొద్దుబాఱిన పాదమునకు మాట యిచ్చుటయు ఒకటి గావు. ఆ మేజోడు మనకు దొరకకున్నను దీపము వెలుగున ప్రతి సాయంకాలము అరికాలును, వ్రేళ్ల సందులను చూచుట, చెప్పులను దులిపి తొడిగికొనుట మానవలదు. ముసలివారు వంగలేరు; చూడవలసినవారము మనమే.

మనుష్యులకే గాదు, మట్టికిని ఇట్టి వస్త్రములు కప్పుచున్నారు. నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువనున్న నెదర్లాండ్సులో గట్టు తెగుటయన్న ఎట్టి భయమో చెప్పనక్కఱలేదు. గట్టులో పఱచు దళసరి గుడ్డలో గాజుపోగులను నేసి, నీరు ఊరుటను, మన్ను జాఱుటను ముందుగా తెలిసికొనవచ్చునా యని వారు చూచిరి. గాజుపోగు సాగినచో దానినుండి తిరిగివచ్చు వెలుతురు రంగు ఒకింత మాఱును; నీరు ఊరినచో ఆ చోటి వేడిమి మాఱును. 2008లో ఇందుకై ఒక గట్టును కట్టి, కావలెనని కూలద్రోసి పరీక్షించిరి. గట్టునకు సిగ్గు లేదు, రహస్యము లేదు. దాని సంగతి ఎందఱికి తెలిసిన అంత మంచిది. మనుష్యుల విషయము అట్లు గాదు.

2018 డిసెంబరులో చైనా పత్రికలలో వచ్చిన వార్త యొకటి మా యింట చాల చర్చకు వచ్చినది. గ్విఝౌ, గ్వాంగ్‌షీ ప్రాంతములలో పదికి పైగా పాఠశాలలు విద్యార్థుల దుస్తుల భుజములలో చిన్న చిప్పుల నుంచి కుట్టించినవి. బాలుడు గుమ్మము దాటిన క్షణము లెక్కయగును. వేళ గాని వేళ బయటికి పోయినచో గంట మ్రోగును. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. హాజరుపట్టీ పిలుచుటలోని విసుగు వారికి తెలియనిది గాదు. అయినను వారు, "పేరు పిలిచినపుడు బాలుని ముఖము చూతును. జ్వరముతో వచ్చినవాడు, ఏడ్చి వచ్చినవాడు అప్పుడే తెలియును. చొక్కా వచ్చినదని చిప్పు చెప్పును, బాలుడు వచ్చినాడని చెప్పదు" అనిరి. స్నేహితుని చొక్కా తొడిగి పంపినచో ఏమగునని నేనడుగగా నవ్విరి.

ఉతుకుట మన పని గనుక ఈ సంగతి కూడ గమనింపుడు. గూగులు, లెవీస్ సంస్థలు కలసి 2017లో, చేతికొనను తాకి సెల్‌ఫోనును నడుపు కోటును అమ్మినవి. మన మగ్గములపై నున్న జాకార్డు పేరే ఆ పనికి పెట్టిరి. వెల 350 డాలర్లు. పది ఉతుకులకు మాత్రము ఓర్చుననిరి. 2023లో దానికి ఆధారమైన ఫోను ఏర్పాటును ఆపివేయగా అది మామూలు కోటై మిగిలినది. చైనాలోని ఆ పాఠశాల దుస్తుల చిప్పులన్ననో ఐదువందల ఉతుకులకు ఓర్చునని వార్త. వానిలో బ్యాటరీ లేదు, చుట్టును మూసియుండును, అదే కారణము. అయినను తొడిగినవానికి సేవచేయు బట్ట పది ఉతుకులు, తొడిగినవానిని కాచియుండు బట్ట ఐదువందల ఉతుకులు నిలుచుట చూచి నాకు నవ్వును రాలేదు.

మన దేశమున 2023లో చేసిన చట్టము, పదునెనిమిదేండ్లు నిండని వారి వివరములు పుచ్చుకొనుటకు తలిదండ్రుల అనుమతి కావలెననియు, బిడ్డలను వెన్నాడి వారి నడవడిని కనిపెట్టుట కూడదనియు చెప్పుచున్నది; ప్రభుత్వము కొందఱికి మినహాయింపు నీయవచ్చునని కూడ అందే కలదు. పాఠశాలనుండి ఇట్టి దుస్తుల మాట వచ్చినచో సంతకము చేయుటకు ముందు ఎవరు చూతురు, ఎన్నాళ్లు దాచుదురు అని అడుగు హక్కు తల్లికి కలదు.

పెద్దవారమైన మన సంగతి చెప్పు చట్టము ఎంతవఱకున్నను, ఇంటి గడప లోపల అది అంతగా చొరదు. స్త్రీ శరీరపు వేడిమి నెలనెల ఒక క్రమమున హెచ్చి తగ్గును. దినదినము దానిని కొలుచు రవిక యున్నదనుకొందము. ఋతుక్రమము తప్పినదని, గర్భము నిలిచినదని ఆమె నోరు విప్పకముందే అది చెప్పగలదు. ఎవరితో చెప్పును? ఫోనుతో. మన ఇండ్లలో ఫోను ఎవరి చేతనున్నది? బట్ట కోడలిది, ఫోను భర్తదో అత్తదో యైనచో, శకుంతలకు ఉంగరము సాక్ష్యము పలికినట్లు ఈ బట్ట ఆమె పక్షమున పలుకునని చెప్పజాలము, ఆమెపై పలుకవచ్చును. ఎంత ఆప్తులైనను, తొడిగినవారి చేతనే ఫోను ఉండవలెననియు, వారు వలదన్న క్షణమున విప్పివేయవలెననియు నా పట్టుదల. ఇంట పనిచేయు స్త్రీకి సయితము ఈ నియమమే. ఆమె ఎన్నిసార్లు కూర్చున్నదో లెక్కించు అంగీని కొనిపెట్టుట దయ గాదు.

ఇంట కుట్టుపని నేర్చిన బాలికలున్నవారికి ఒక మాట. లియా బ్యూక్లీ అను విదుషి 2007లో లిల్లీప్యాడు అను పూవు వంటి బిళ్లను రూపొందించినది. దాని అంచున రంధ్రములు కలవు. లోహపు దారముతో గుడ్డపై కుట్టి, చిన్న దీపమును, వెలుతురును గాని వేడిని గాని కనిపెట్టు బిళ్లలను తగిలింపవచ్చును. ఇట్టి విద్యుత్పనులలో మగవారే మిక్కుటముగా నుండగా, ఈ బిళ్లతో పనిచేసినవారిలో స్త్రీలే హెచ్చని ఆమె 2010లో మఱియొకరితో కలసి చూపినది. నాకు ఆశ్చర్యము లేదు. దారములు ఒకదాని నొకటి తాకినచో దీపము వెలుగదు గనుక కుట్టు సాపుగా నుండవలెను. వెనుకవైపు ముడులు వదులుగా వ్రేలాడరాదు. మా పెద్దమ్మాయి రుమాలుపై కుట్టిన మల్లెమొగ్గ మూడవ ప్రయత్నమున వెలిగినది. ఉతుకునపుడు బ్యాటరీని ముందుగా తీసివేయవలెను. చలువసున్నము గాని గాఢమైన సబ్బు గాని తగులనీయక చన్నీట ముంచి నీడను ఆఱవేయవలెను.

పాత జరీ నల్లబడకుండ దాచుకొను విధమును గూర్చి ఇద్దఱు సోదరీమణులు అడిగియున్నారు. దానిని వచ్చు సంచికలో వ్రాయుదును. అంతవఱకు జరీచీరలను ప్లాస్టిక్కు సంచులలో నుంచక, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి యుంచుడు.